ఫోను పట్టుకున్న పిల్ల

మొన్న వేసవి సెలవుల్లో మా మనవడూ, మనవరాలూ నెలరోజులు నా దగ్గరే ఉన్నారు. వాడికి పద్నాలుగేళ్ళు, దానికి తొమ్మిది. ఎనభై మూడేళ్ళ మా అమ్మ కూడా నాతోనే ఉంటుంది. ముగ్గురి కాలక్షేపమూ ఒకటే: నా ఫోను, కాదంటే హాల్లో టీవీ. మొదట్లో విసుక్కున్నాను. ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, పిల్లలు పుస్తకం ముట్టుకోకపోతే ప్రాణం ఉసూరుమంటుంది. అసలేం చూస్తున్నారో తెలుసుకుందామని ఓ రోజు పక్కన కూర్చున్నాను. సగానికి పైగా సైన్సు వీడియోలే. బల్లి గోడమీద ఎలా పాకుతుంది, చుక్కలు ఎందుకు మిణుకుమంటాయి, ఉల్లిపాయ కోస్తే కన్నీళ్ళు ఎందుకొస్తాయి. నేను కూడా లేవలేకపోయాను.

ఆ నెలరోజుల్లో ఎన్నో చూశాం. కానీ నేను చెప్పదలుచుకున్నది మేం చూసిన వీడియో గురించి కాదు, తీసిన ఒక వీడియో గురించి.

అరవింద్ గుప్తా పేరు మనలో పిల్లలతో పనిచేసేవాళ్ళకి తెలిసే ఉంటుంది. కాన్పూర్ ఐ.ఐ.టి.లో చదువుకుని, 1970ల్లో మధ్యప్రదేశ్ పల్లెబడుల్లో నడిచిన హోషంగాబాద్ విజ్ఞానబోధన కార్యక్రమంతో కలిసి పనిచేసి, అగ్గిపుల్లలతో, సైకిల్ వాల్వు ట్యూబుతో బొమ్మలు చేయించడం మొదలుపెట్టిన మనిషి. పారేసే సామానుతో ఆయన చేసిన బొమ్మల మీద నిమిషం, రెండు నిమిషాల వీడియోలు చాలా భాషల్లో వచ్చాయి, తెలుగులో కూడా వచ్చాయి. వాటిలో హంగూ ఆర్భాటం ఉండదు. ఎక్కువగా రెండు చేతులు, ఒక బల్ల, ఒక గొంతు. చూస్తున్నవాళ్ళకి "ఇది నేనూ చెయ్యగలను" అనిపిస్తుంది. వాటి బలమంతా అందులోనే ఉంది.

అలాంటి వీడియో చూసే మావాడు మోటారు చేస్తానన్నాడు. టార్చిలైటు సెల్లు, రెండు పిన్నీసులు, రబ్బరు బ్యాండు, చిన్న అయస్కాంతం, ఎనామిల్ పూత ఉన్న రాగితీగ. సెల్లుకి రెండువైపులా పిన్నీసులు బిగించి, తీగని చుట్టగా చుట్టి, దాని కొసలు రెండూ పిన్నీసు కన్నాల్లో ఉయ్యాలలా వేలాడదీయాలి. కింద అయస్కాంతం పెట్టి చుట్టని వేలితో కాస్త కదిపితే గిరగిరా తిరగాలి. తీగ తేవడానికి కరెంటు సామాను కొట్టుకి నేనే వెళ్ళాను. చెల్లెలు కూడా బల్ల దగ్గరికి జరిగింది. "నేను తీగ చుడతా" అంది. నేనే అన్నాను: "అన్నయ్య చేస్తాడు, నువ్వు ఫోను పట్టుకుని వీడియో తియ్యమ్మా. అమ్మకి పంపిద్దాం."

అది తీసింది. చుట్ట తిరగలేదు. కాసేపు అటూ ఇటూ ఊగి ఆగిపోయింది. పది సార్లు ప్రయత్నించి మావాడు విసుగొచ్చి "సెల్లు అయిపోయింది" అని తేల్చేసి క్రికెట్‌కి వెళ్ళిపోయాడు.

రాత్రి పక్క మీద పిల్ల దుప్పట్లో ఫోను వెలుగు కనిపించింది. కోప్పడబోయాను. "అమ్మమ్మా, అన్నయ్య రెండు కొసలూ మొత్తం గీకేశాడు. ఆ వీడియోలో వాళ్ళు ఒక కొస సగమే గీకారు, చూడు" అంది. పొద్దున తను తీసినదాన్నీ, అసలు వీడియోనీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూస్తోంది.

"మరి అప్పుడే చెప్పొచ్చు కదే?"

"చెప్పాను. నువ్వు కదలకుండా పట్టుకోమన్నావు."

ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. చాలాసేపు నిద్రపట్టలేదు.

పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. ఒక కొసకి ఎనామిల్ పూర్తిగా గీకాలి, రెండోదానికి ఒక పక్కే గీకాలి. చుట్ట సగం తిరిగేంతవరకూ కరెంటు పారి అయస్కాంతం దాన్ని తోస్తుంది. మిగతా సగంలో కరెంటు ఆగిపోవాలి, అప్పుడే చుట్ట తన ఊపుతో తనే ఆ సగమూ దాటుతుంది. రెండు కొసలూ పూర్తిగా గీకేస్తే కరెంటు ఆగదు. మొదటి సగంలో ముందుకు తోసిన బలమే రెండో సగంలో వెనక్కి లాగుతుంది. ఊగి ఊగి ఆగిపోతుంది.

ఆ రాత్రి నాకు నా ఇంటర్మీడియట్ గుర్తొచ్చింది. 1978లో బై.పి.సి.లో చేరాను. ఫిజిక్సు లాబులో ఆరుగురికి ఒక బల్ల, ఒక పరికరం. మా బల్ల దగ్గర నలుగురు అబ్బాయిలు, ఇద్దరమ్మాయిలం. లఘులోలకం ఊపేది వాళ్ళు, స్టాప్‌వాచీ నొక్కేది వాళ్ళు. "మీ చేతిరాత బాగుంటుంది కదా, మీరు రీడింగులు రాయండి" అనేవారు. చేతిరాత బాగుంటుందన్న మాటకి మురిసిపోయేవాళ్ళం కూడా. రెండేళ్ళలో నేను స్టాప్‌వాచీ ఎన్నిసార్లు పట్టుకున్నానో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నా రికార్డు మాత్రం కాలేజీలో అందరికీ చూపించేవారు. తర్వాత బి.ఎస్సీ. అంటే సాయంత్రం అయిదింటిదాకా ప్రాక్టికల్సు, చివరి బస్సు అయిదున్నరకి. "ఆడపిల్లకి ఆ తిప్పలెందుకు, బి.ఎ. తెలుగు చక్కగా ఉంటుంది" అన్నారు నాన్న. చక్కగానే ఉంది. తెలుగు నాకు అన్నం పెట్టింది, ఆలోచన నేర్పింది, మీ అందరి స్నేహమూ ఇచ్చింది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఎంచుకుని వెళ్ళడం వేరు, బస్సు టైముని బట్టి మళ్ళించబడటం వేరు. ఈ తేడా నాకు నలభై ఏళ్ళ తర్వాత, మనవరాలి దుప్పటి పక్కన కూర్చున్నప్పుడు పూర్తిగా అర్థమైంది. నన్ను ఎవరో కదలకుండా పట్టుకోమన్నారు. ఇప్పుడు నేను దాన్ని అదే అన్నాను.

మర్నాడు పిల్లలతో కలిసి "కాస్మోస్" చూశాను. 1980లో కార్ల్ సాగన్ చేసింది కాదు, 2014లో నీల్ డిగ్రాస్ టైసన్ చెప్పింది. రెండింటి వెనకా ఆన్ డ్రూయన్ అనే రచయిత్రి ఉంది. మొదటిదానికి ముగ్గురు రచయితల్లో ఆమె ఒకరు. రెండోదాన్ని స్టీవెన్ సోటర్‌తో కలిసి రాసింది. తెర మీద కనిపించే ముఖాలే మనకి గుర్తుంటాయి, రాసినవాళ్ళ పేరు చివర్లో చకచకా వెళ్ళిపోతుంది. ఆ 2014 సిరీస్‌లో ఎనిమిదో భాగం "సిస్టర్స్ ఆఫ్ ది సన్", సూర్యుడి అక్కచెల్లెళ్ళు. హార్వర్డ్ ఖగోళశాలలో పనిచేసిన స్త్రీల కథ.

అక్కడ దర్శకుడు ఎడ్వర్డ్ పికరింగ్. టెలిస్కోపుతో తీసిన ఆకాశం ఫొటోలు గాజుపలకల మీద గుట్టలుగా పోగుపడ్డాయి. వాటిని చూసి లెక్కలు కట్టడానికి స్త్రీలని పెట్టుకున్నాడు. గంటకి పాతిక నుంచి యాభై సెంట్ల జీతం. వాళ్ళని "కంప్యూటర్లు" అనేవారు, అంటే లెక్కలు వేసేవాళ్ళని. వాళ్ళలో విలియమినా ఫ్లెమింగ్ అంతకుముందు పికరింగ్ ఇంట్లో పనిమనిషి. దాదాపు వినికిడి లేని ఆనీ జంప్ కానన్ లక్షల నక్షత్రాలని వర్గీకరించింది, ఆ వర్గీకరణనే ఇప్పటికీ వాడుతున్నారు. హెన్రియెట్టా లెవిట్ గాజుపలకల్లో కొన్ని నక్షత్రాల వెలుగు పెరిగి తరగడాన్ని గమనించి, ఆ వ్యవధికీ అసలు కాంతికీ ఉన్న సంబంధాన్ని 1912లో చెప్పింది. ఆకాశంలో దూరాలు కొలవడానికి అదే కొలబద్ద అయింది. టెలిస్కోపు దగ్గర మగవాళ్ళు, పలకల దగ్గర ఆడవాళ్ళు. నాకు మా లాబు బల్ల కళ్ళముందు కదిలింది.

తర్వాత సెసిలియా పేన్. అప్పట్లో స్త్రీలకి డిగ్రీ ఇవ్వని కేంబ్రిడ్జిలో చదువు ముగించుకుని 1923లో హార్వర్డ్ వచ్చింది. నక్షత్రాల్లో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది హైడ్రోజన్ అని 1925 నాటి తన సిద్ధాంతగ్రంథంలో లెక్కలతో తేల్చింది. ఆ రోజుల్లో సూర్యుడూ భూమీ దాదాపు ఒకే పదార్థాలతో తయారయ్యాయని పెద్దల నమ్మకం. హెన్రీ నోరిస్ రసెల్ అనే పెద్దాయన ఇది అసాధ్యమన్నాడు. ఆమె తన ఫలితం బహుశా నిజం కాకపోవచ్చని తన గ్రంథంలో తనే రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్ళకి రసెల్ వేరే దారిలో అదే నిర్ణయానికి వచ్చాడు. హార్వర్డ్ ఆమెని ప్రొఫెసర్ని చేసింది 1956లో.

పద్నాలుగేళ్ళ మావాడు ఇక్కడ లేచి కూర్చున్నాడు. "తను కరెక్ట్ అని తెలిసి కూడా ఎందుకలా రాసింది?" అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోగా చెల్లెలు అంది: "కదలకుండా పట్టుకోమన్నారేమో." అది వెటకారం చేసిందా, మామూలుగా అందా నాకిప్పటికీ తెలీదు. మావాడికి మాత్రం అర్థమైంది. వాడి ముఖం చిన్నబోయింది. వాడిలో చెడ్డతనం ఏమీ లేదు. బల్ల ఖాళీగా ఉంటే కూర్చున్నాడు. ఖాళీ చేసి ఇచ్చింది నేను.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తపడాలి. గాజుపలకలు చూసినందువల్లే లెవిట్‌కి ఆ రహస్యం దొరికింది, ఫోను పట్టుకున్నందువల్లే మా పిల్లకి తప్పు తెలిసింది, కాబట్టి అంతా మంచికే అనుకోవడం. ఇంటిచాకిరీ వల్ల స్త్రీలకి ఓర్పు వచ్చింది కాబట్టి చాకిరీ మంచిదే అన్నట్టుంటుంది అది. ఇచ్చిన మూలలోనే నిలబడి వాళ్ళు చూడగలిగింది చూశారు. అది వాళ్ళ గొప్ప. ఆ మూల గొప్ప కాదు.

ఇంకోరోజు "పవర్స్ ఆఫ్ టెన్" చూశాం. 1977 నాటి తొమ్మిది నిమిషాల చిత్రం, చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు చేసింది. షికాగోలో సరస్సు పక్కన దుప్పటి పరుచుకున్న ఒక జంట దగ్గర మొదలవుతుంది. మొదట తెరమీద ఒక మీటరు మేర. అక్కణ్ణుంచి ప్రతి పది సెకండ్లకీ పదింతలు దూరం జరుగుతూ నగరం, భూమి, సౌరకుటుంబం, పాలపుంత దాటి పదికోట్ల కాంతి సంవత్సరాల దాకా వెళుతుంది. మళ్ళీ అంతే దూరం వెనక్కి వచ్చి, నిద్రపోతున్న మగవాడి చేతి చర్మంలోంచి కణం, అణువు, పరమాణువు, చివరికి ప్రోటాను దాకా దిగుతుంది. ఇది ఎన్నిసార్లు చూసినా ఒళ్ళు జలదరిస్తుంది. మా ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్ల, పద్నాలుగేళ్ళ పిల్లాడు, నేను, అమ్మ నలుగురం నోరు తెరుచుకుని చూశాం. పసివాళ్ళకొకటి, పెద్దవాళ్ళకొకటి అని వేరువేరుగా చెయ్యనక్కర్లేదనీ, ఒక్క ఆలోచనని నిజాయితీగా చూపిస్తే ఎవరి వయసుకి తగ్గట్టు వాళ్ళు అందుకుంటారనీ అప్పుడు అనిపించింది. చిత్రం అయ్యాక అమ్మ అడిగింది: "అంతా ఆ పడుకున్నాయన చేతిలోంచే తీశాడేం? పక్కన ఆవిడ కూడా ఉందిగా." ఏ సిద్ధాంతమూ చదవని మనిషి అడిగిన ప్రశ్న అది. రే ఈమ్స్ పేరు చాలాకాలం భర్త పేరు వెనకే ఉండిపోయిందని నేను చెబితే, "అదే మరి" అని లేచి వెళ్ళిపోయింది.

అమ్మ గురించి ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే నిజాయితీ కాదు. ఒక వీడియోలో ఒక యువతి నాడీకణాల గురించి చాలా చక్కగా చెబుతోంది. అమ్మ అయిదు నిమిషాలు చూసి, "పిల్ల బాగానే చెబుతోంది గానీ, ఆ జుట్టేమిటే అలా విరబోసుకుంది?" అంది. నేను నవ్వాను. తర్వాత గుర్తొచ్చింది, ఆ వీడియో మొదలవగానే నేను కూడా ముందు ఆమె వేసుకున్న చొక్కానే చూశానని. అంతకుముందు అరగంట చూసిన మగాయన చొక్కా ఏ రంగో నాకు గుర్తులేదు.

ఇది మా ఇంటి సంగతే కాదు. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో పనిచేసిన ఎమిలీ గ్రాస్లీ "ది బ్రెయిన్ స్కూప్" పేరుతో జంతుశాస్త్రం మీద వీడియోలు చేసేది. చచ్చిన జంతువుల చర్మం ఒలిచి లోపల ఏముందో నవ్వుతూ చూపించే మనిషి. 2013లో తన వీడియోల కింద వచ్చే రాతల్ని కొన్నిటిని తనే కెమెరా ముందు చదివి వినిపించింది. చాలావరకు ఆమె ముఖం గురించి, ఒంటి గురించి. సైన్సు వీడియోల్లో స్త్రీలు ఇంత తక్కువగా ఎందుకున్నారని అడిగింది. 2018లో ఇనోకా అమరశేఖర, విల్ గ్రాంట్ అనే పరిశోధకులు 450 వీడియోల కింద వచ్చిన 23,005 వ్యాఖ్యలు పరిశీలించారు. స్త్రీలు కనిపించే వీడియోలకి రూపం గురించిన మాటలూ, ద్వేషపు మాటలూ, లైంగికమైన మాటలూ మగవాళ్ళ వీడియోలకంటే ఎక్కువని తేలింది. బాగా ఆదరణ ఉన్న 391 సైన్సు ఛానళ్ళలో స్త్రీ ముఖం కనిపించేవి 32. మైకు పట్టుకున్న ఆడమనిషి ముందు తన జుట్టుకి జవాబు చెప్పుకోవాలి, తర్వాతే నాడీకణానికి. సభల్లో వేదికలెక్కిన మనందరికీ ఇది తెలిసిన సంగతే.

మన దేశంలో సైన్సుని తెరమీద జనానికి చేర్చాలన్న ప్రయత్నం పాతదే. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ కార్యక్రమాలు పంపారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. పొద్దున బడిపిల్లలకి, సాయంత్రం పెద్దలకి. మా పిన్ని అత్తగారి ఊళ్ళో బడి అరుగు మీద టీవీ పెట్టేవారట. "సాయంత్రం బొమ్మ మొదలయ్యేసరికి మేం పొయ్యి దగ్గర ఉండేవాళ్ళం. పని ముగించుకుని వెళితే వెనక నిలబడ్డానికి చోటుండేది, అప్పటికి వార్తలొచ్చేవి" అని ఆవిడ చెప్పేది. ఆకాశంలోంచి పల్లె దాకా వచ్చిన బొమ్మ, అరుగు నుంచి వంటింటి దాకా రాలేకపోయింది.

ఆ తర్వాత, 1989లో దూరదర్శన్‌లో "భారత్ కీ ఛాప్" వచ్చింది. రాతియుగం నుంచి ఈ కాలం దాకా మన ఉపఖండంలో సైన్సు, సాంకేతికతల చరిత్రని పదమూడు భాగాల్లో చెప్పింది. తీసింది చందితా ముఖర్జీ. ఇంత పెద్ద కథని, ప్రభుత్వ టీవీలో, ఒక స్త్రీ నడిపించింది. 2023లో ఆమె చనిపోయినప్పుడు గానీ నేను ఆ పేరు పట్టించుకోలేదు. స్త్రీల సాహిత్యం మీద సదస్సులకి తిరిగినదాన్ని, స్త్రీల పత్రికలు వదలకుండా చదివినదాన్ని. నాకెందుకు తెలియలేదు? ఎందుకంటే సైన్సు మనది కాదని నేను కూడా ఒప్పేసుకున్నాను. కవిత, కథ, చరిత్ర మనం తిరగరాయాలనుకున్నాం. సైన్సుని మాత్రం ఇంట్లో పెద్దమగవాడి గదిలా తలుపు బయటి నుంచే విమర్శించి వచ్చేశాం. ఈనాడు తెలుగులో పిల్లలకి చక్కగా చెప్పే సైన్సు వీడియోకి మొదట కావలసింది కెమెరా కాదు, మంచి తెలుగు. అది మన చేతిలో ఉన్న విద్యే కదా!

సెలవులు అయిపోయేలోగా రెండు పనులు చేశాం. మొదటిది, మోటారు సామాను ఇంకో జత తెచ్చాను. చెల్లెలు తన తీగ తనే చుట్టి, ఒక కొస మొత్తం, రెండోది సగం గీకింది. మొదటిసారి తిరగలేదు, పిన్నీసు వదులైంది. బిగించాక తిరిగింది. అన్న ఫోను పట్టుకున్నాడు. వీడియోలో సగం సేపు ఫ్యానే కనిపిస్తుంది. పట్టుకోవడం కూడా ఒక పనేనని వాడికి తెలిసింది.

రెండోది మా అమ్మ వల్ల. ఇడ్లీపిండి ఎలా పులుస్తుందో చెప్పే ఇంగ్లీషు వీడియో ఒకటి పిల్లలు చూస్తున్నారు. మినప్పప్పుతో వచ్చే సూక్ష్మజీవులు ఆమ్లం, గాలి తయారుచేస్తే ఆ గాలే పిండిని పొంగిస్తుందని నేను తెలుగులో చెప్పాను. అమ్మ వింది. "చలికాలం గిన్నె దుప్పట్లో చుట్టకపోతే మీ జీవులేం చేస్తాయో అది చెప్పాడా?" అంది. చెప్పలేదు. "పప్పు వేడెక్కేలా రుబ్బితే సరిగ్గా పొంగదు, అది చెప్పాడా?" అదీ చెప్పలేదు. పెళ్ళయిన పదహారో ఏటి నుంచి ఆమె రోజువారీ చేసిన ప్రయోగాలు ఇవి. ఆమెకి ఎలాగో తెలుసు, ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఎందుకో చెప్పేవాళ్ళకి ఆమె దగ్గర ఏం తెలుసో అడగాలని తోచలేదు.

మేం అడిగాం. గాజుసీసాలో పిండి పోసి, మట్టం దగ్గర రబ్బరు బ్యాండు పెట్టి, ఒకటి దుప్పట్లో, ఒకటి ఫ్రిజ్‌లో పెట్టాం. పొద్దున రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. దుప్పట్లోది బ్యాండు దాటి పొంగింది, ఫ్రిజ్‌లోది అక్కడే ఉంది. చెప్పింది అమ్మ, ఎందుకో అడిగింది మనవరాలు, తెలిసినంత చెప్పింది నేను, తీసింది మనవడు. ఏడు నిమిషాలొచ్చింది. మా బంధువులు తప్ప ఎవరూ చూడలేదు.

తీసేముందు అమ్మ ఒక్క షరతు పెట్టింది. "నా మొహం తియ్యకండి, ముసలి మొహం. చేతులు తియ్యండి చాలు."

మనవరాలు ఒప్పుకోలేదు. "చేతులు సరే తాతమ్మా, కానీ చెప్పేది నువ్వు కదా, నువ్వెవరో తెలియొద్దూ?" అంది. అమ్మ కాసేపు ఆలోచించింది. తర్వాత లోపలికి వెళ్ళి, ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చి కూర్చుంది.